ఖాళీ అని రాసిన తొర్ర

అయినా మూడుసార్లు గీకాక కూడా తల బయట పెట్టకపోతే ఆ తప్పు ఎవరిది? మూడుసార్లు. లెక్కపెట్టి. మొదటిసారి మెల్లగా, రెండోసారి కాస్త గట్టిగా, మూడోసారి బెరడు పొడి రాలి తన కళ్ళలోనే పడేంత గట్టిగా. లోపల ఉన్నదానికి వినపడలేదని ఎవరనగలరు? ఎండుటాకుల కింద ఎలుక కదిలినా వినే గుడ్లగూబ అది. దాని చెవులు రెండూ ఒక ఎత్తున ఉండవు. ఒకటి పైన, ఒకటి కింద. చప్పుడు ఒక చెవికి ముందు, ఇంకో చెవికి వెనక చేరుతుంది. ఆ వెంట్రుకవాసి తేడాతోనే చిమ్మచీకట్లో ఎలుక ఎక్కడుందో తేల్చేసుకుంటుంది. అలాంటిదానికి తన ఇంటి గోడనే మేకులతో గీకుతుంటే వినపడలేదా? వింది. విని ఊరుకుంది. కావాలని ఊరుకుంది.

ఆమె వంటగది బల్ల మీద పాత పేపరు పరిచి, దాని మీద బొటనవేలంత బూడిదరంగు ఉండ పెట్టుకుని కూర్చుంది. పొయ్యి మీద టీ నీళ్ళు మరుగుతున్నాయి. గోడ గడియారంలో ఏడుంబావు. పదింటికి చెట్టు కోత.

ఆ ఉండ మూడు రోజులుగా ఆమె కోటు జేబులో ఉంది. ఆఫీసుకెళ్ళినా, బజారుకెళ్ళినా వేళ్ళు దాన్ని తడుముతూనే ఉన్నాయి. ఇవాళ పొద్దున్న కోటు దులుపుదామని తీసి, దులపకుండా, దాన్ని బల్ల మీద పెట్టింది. కుట్టు సూదితో విప్పడం మొదలుపెట్టింది. పైన బొచ్చు. బొచ్చులో చుట్టుకుని ఎముకలు. గుడ్లగూబ ఎలుకను నమలదు, గుటుక్కున మింగేస్తుంది. అరగనిదంతా ఇలా ఉండ చుట్టి కక్కేస్తుంది. ఒక పుర్రె, ఇంకో పుర్రె, నారింజరంగు పళ్ళతో సగం దవడ. ఎముకలు తెల్లగా, కొత్తగా ఉన్నాయి. మంగళవారం చెట్టు కింద చేతిలోకి తీసుకున్నప్పుడు ఉండ ఇంకా చెమ్మగా ఉంది. చెమ్మగా ఉందంటే ముందురోజు సాయంత్రం కక్కినదన్నమాట. గుడ్ల మీద కూర్చున్న ఆడపిట్ట రోజుకు ఒక్కసారి, పొద్దుగూకే వేళ, కాసేపు బయటికి వస్తుంది. ఆ కాసేపట్లో కాళ్ళు చాపుకుని, ఉండ కక్కి, మళ్ళీ లోపలికి దూరుతుంది. ఈ సంగతి ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

అటవీ శాఖలో ఆమె పని తొర్రలు చూడడం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఎప్పుడో వడ్రంగి పిట్టలు పొడిచి వదిలేసిన తొర్రల్లో ఈ చిన్న గుడ్లగూబలు గుడ్లు పెడతాయి. ఒక్కొక్కటి నారింజ పండంత బరువు, ఒంటికి మించిన తల, పసుప్పచ్చని కళ్ళు. అవి ఉన్న చెట్టును కొట్టకూడదన్నది నిబంధన. ఉన్నాయో లేవో చెప్పేది ఆమె. ఉన్నచోట మానుకు తెల్లరంగు పట్టీ వేస్తుంది. ఖాళీ అని ఆమె ఫారం రాస్తే కోత మేస్త్రీ వచ్చి ఎర్రరంగుతో అడ్డంగా రెండు గీతలు కొడతాడు. ఆఫీసులో అందరూ ఆమెను తొర్రలక్క అంటారు. ఆమె అసలు పేరు గుమస్తాకు కూడా జీతం చీటీ చూస్తేగాని గుర్తురాదు.

నిచ్చెన వేసి చూడకూడదు. మనిషి మొహం తొర్రలోకి దూరితే పిట్ట గుడ్లు వదిలేసి పోతుంది. అందుకని మేకులు వంచి బిగించిన కర్రతో మాను కింద గీకుతారు. పైన ఉన్నదానికి అది చెట్టెక్కి గూళ్ళు దోచే మానుపిల్లి గోళ్ళ చప్పుడులా వినపడుతుంది. ప్రాణభయంతో తల బయట పెట్టి తొంగిచూస్తుంది. అంతే. ఉందని రాసుకోవచ్చు.

ఈ పని ఆమెకు నేర్పింది పెద్దాయన. అంతకుముందు ముప్పై ఏళ్ళు ఆ కర్ర పట్టినవాడు. ఆయన కాళ్ళు పడిపోయాక కర్ర ఆమె చేతికొచ్చింది. ఆయన చెప్పింది ఒక్కటే: "దాన్ని భయపెట్టి మనం పని జరుపుకుంటున్నాం తల్లీ. కాబట్టి ఒక్కసారే గీకు. చూసిందా, రాసుకుని వచ్చెయ్యి. చూళ్ళేదా, మళ్ళీ గీకకు. వంగి కింద వెతుకు. వెతికాకే కాగితం ముట్టుకో."

ఆయన పోయాక కాగితం మారింది. కొత్త ఫారంలో వెతకడం అన్న మాటే లేదు. మూడుసార్లు గీకవలెను, మూడుసార్లకూ కనపడనిచో ఖాళీగా నమోదు చేయవలెను. ఒక చెట్టుకు రెండు తనిఖీల మధ్య ముప్పై రోజుల ఎడం ఉండవలెను. ఫారంలో కొట్టివేతలు ఉండరాదు. ఈ చివరిది గుమస్తాకు ప్రాణం. ఒకసారి ఆమె తేదీలో ఒక అంకె దిద్దితే ఫారం చెల్లదని పక్కన పడేసి, ఆ చెట్టుకు నెల తర్వాత మళ్ళీ తనిఖీ పెట్టించాడు. "ఒక్క అక్షరం కొట్టేసినా అది చిత్తుకాగితమే అక్కా. చెట్టు ఎక్కడికీ పోదుగా, నువ్వే పోయి మళ్ళీ చూసిరా," అన్నాడు, తనే చెట్టంత తాపీగా.

ముప్పై రోజుల ఎడం అట. తలుచుకుంటేనే ఒళ్ళు మండింది. సూది మొన పేపరులోంచి దిగి బల్లకు గుచ్చుకుంది.

నలభై ఒకటో నంబరు చెట్టు బాటకు దగ్గర. జీపు దిగి పది అడుగులు వేస్తే చాలు. అందుకే రేంజరు మొదట తన బావమరిది కుటుంబాన్ని తీసుకొచ్చాడు. "మా తొర్రలక్క చెట్టుకు చక్కిలిగింత పెడుతుంది, చూడండి," అన్నాడు. ఆమె గీకింది. తొర్ర నిండా గుండ్రటి మొహం, ఎగిరిన తెల్లటి కనుబొమలు, పసుప్పచ్చని కళ్ళు. "అచ్చం లెక్క తప్పిన లెక్కల మేస్టారులా ఉంది," అన్నాడు బావమరిది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తర్వాత పైఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. తర్వాత వాళ్ళ భార్యలు. ఫోటో సరిగా రాలేదని ఇంకోసారి. ఫోటోలో కళ్ళు మూసుకుందని మరోసారి. నెల తిరక్కుండానే పదకొండుసార్లు. ఒక్కటీ కాగితం మీద లేదు.

ఆమెను ఎవరూ బలవంతపెట్టలేదు, అది కూడా ఆమెకు మంటే. తల బయటికి రాగానే కింద నిలబడ్డవాళ్ళ నోట ఒక చిన్న "అబ్బా" వచ్చేది. ఆ "అబ్బా" పిట్టదని ఆమెకు తెలుసు. అయినా చేతిలో కర్ర తనది. ఇరవై రెండేళ్ళలో తన పని చూసి ఎవరైనా నోరు తెరిచింది ఆ నెలలోనే. నాలుగోసారికి పిట్ట తల సగమే బయటికొచ్చింది. ఏడోసారికి కళ్ళు మాత్రమే. తొమ్మిదోసారి రెండుసార్లు గీకితేగాని కదల్లేదు. ఆమె ఇదంతా చూసింది. చూసీ, వచ్చినవాళ్ళు చిన్నబుచ్చుకుంటారని ఇంకాస్త గట్టిగా గీకింది. పది తనిఖీలు చుట్టాల కోసం. పదకొండోది ఎవరికోసమో ఆమె ఇప్పుడు తలుచుకోదలచుకోలేదు.

మంగళవారం పన్నెండోది. అసలు తనిఖీ. రేంజరు, గుమస్తా, కోత మేస్త్రీ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆమె గీకింది. ఆగింది. గీకింది. ఆగింది. మూడోసారి గీకి తలెత్తి చూస్తే తొర్ర నల్లగా, గుండ్రంగా, ఎప్పుడూ ఎవరూ లేనట్టు ఉంది.

"అక్కా, అమ్మగారు ఇంట్లో లేనట్టున్నారు," అన్నాడు మేస్త్రీ. గుమస్తా కిసుక్కున నవ్వాడు. రేంజరు గడియారం చూసుకున్నాడు.

అప్పుడు ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. మేస్త్రీ మీద కాదు. రేంజరు మీద కూడా కాదు. ఆ తొర్ర మీద. ఎవడో చుట్టం కోసమైతే కళ్ళు మిటకరించుకుని చూస్తావు, నా పని రోజున, నలుగురి ముందు నన్నిలా నిలబెడతావా అనుకుంది. సరిగ్గా ఆ మాటలే. వినేవాళ్ళు ఉంటే పిచ్చిదనుకునేవాళ్ళు. కాగితం తీసుకుని పళ్ళు బిగించి ఖాళీ అని రాసింది. సంతకం పెట్టి, కలం తిరిగిస్తూ చూపు కిందికి దించితే బూటు పక్కన, నాచు మీద, చెమ్మగా మెరుస్తూ ఉండ.

పెద్దాయన అయితే అక్కడే కూర్చుండిపోయేవాడు. ఆమె అటు తిరిగి లేసు కట్టుకుంటున్నట్టు వంగి దాన్ని జేబులో వేసుకుంది. సాక్ష్యం దాచిందా, సాక్ష్యం చెరిపిందా? మూడు రోజులుగా ఆమె తనతో తను పెట్టుకున్న తగాదా ఇదే, ఇంకా తెగలేదు.

స్నానాల గది తలుపు చప్పుడైంది. భర్త తల తుడుచుకుంటూ వంటగదిలోకి వచ్చాడు. ఆయన కలప మిల్లులో రంపాలకు సాన పడతాడు. చేతివేళ్ళు ఎప్పుడూ నల్లగా ఉంటాయి, మాట మాత్రం ఎప్పుడూ మెత్తగా ఉంటుంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన గొంతు పెంచింది లేదు. నోట్లో నాలుక లేని మనిషి దొరికాడని అందరూ ఆమెను అదృష్టవంతురాలనేవారు. ఆ మెత్తదనానికి తగిలి తన కోపం ఎన్నిసార్లు దూదిలో గుద్దినట్టయిందో వాళ్ళకేం తెలుసు.

ఆయన పేపరు మీదికి వంగి చూశాడు.

"తాజాదే," అన్నాడు.

చూడగానే చెప్పేశాడు. రంపాలు తప్ప మరొకటి ఎరగని మనిషి. ఆమెకు చెంప మీద కొట్టినట్టయింది.

"నలభై ఒకటి కింద దొరికింది," అంది.

"నలభై ఒకటి ఖాళీ కదా?"

"ఖాళీ అని రాశాను."

ఆయన తువ్వాలు కుర్చీ మీద ఆరేశాడు, కూర్చున్నాడు, రొట్టె ముక్క తుంచాడు. ఆ రెండు మాటల మధ్య ఉన్న తేడా ఆయనకు అర్థమైందని ఆమెకు తెలుస్తూనే ఉంది. ఏదో ఒకటి అనాలి. తిట్టాలి. ఇప్పటికైనా పోయి ఆపు అనాలి. ఆయన రొట్టె నమిలి మింగాడు.

"పోనీలే. ఒకటీ అరా అలా అవుతూనే ఉంటాయి," అన్నాడు.

"ఏం అవుతూ ఉంటాయి?"

రొట్టె తుంచుతున్న ఆయన వేళ్ళు ఆగాయి. అనకూడనిది అన్నాడని అప్పుడు తెలిసింది ఆయనకు.

ఆమె అడిగింది. ఆయన తప్పించుకున్నాడు. ఆమె మళ్ళీ అడిగింది. ఆయన లేచి పొయ్యి కట్టేయబోయాడు, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. అప్పుడు కొంచెం కొంచెంగా, రొట్టె ముక్కలు తుంచినట్టే, చెప్పాడు. మిల్లుకొచ్చే దుంగల చివర చెట్టు నంబరు గుద్ది ఉంటుంది. ఎప్పుడైనా ఒక దుంగలో తొర్ర పడుతుంది. రంపం దాటాక రెండు చెక్కలూ విడదీస్తే ఒక్కోసారి లోపల ఈకలు ఉంటాయి. ఒకసారి పెంకులు. ఒకసారి, ఇంక చెప్పనన్నాడు.

"ఎన్ని?"

"మూడు. నాలుగు అనుకో."

"ఎప్పటినుంచి?"

"మొదటిది మన పెళ్ళైన కొత్తలో."

"అన్నీ నా నంబర్లేనా?"

ఆయన తల వంచుకున్నాడు. ఆ కొండ మీద ఇంకెవరూ తొర్రలు చూడరు.

"నువ్వు బాధపడతావని నీ కంట పడనివ్వలేదు. మిల్లు పొయ్యిలో వేసేసేవాణ్ణి," అన్నాడు. ఇంకా మెత్తగానే.

ఇన్నేళ్ళు ఈ బల్ల దగ్గర రోజూ పొద్దున్నే ఎదురుగా కూర్చుని, ఆ నల్లటి వేళ్ళతో చక్కెర కలిపి, ఇవాళ ఎన్ని చెట్లు అని అడిగి, జాగ్రత్త అని చెప్పి. మొదటిదప్పుడే చెప్పి ఉంటే! అప్పటికి పెద్దాయన ఇంకా బతికే ఉన్నాడు. వెళ్ళి అడిగేది. మూడుసార్లు గీకమన్న కాగితాన్ని నమ్మేది కాదు. ఈయన దయ. ఈయన దయతో ఆమె తప్పు చెయ్యని మనిషిగా ఇరవై రెండేళ్ళు తలెత్తుకుని తిరిగింది, అవతల పొయ్యిలో ఈకలు కాలుతూ ఉన్నాయి. ఆమె గరిటె తీసి నేలకేసి కొట్టింది. దాని పిడి విరిగి బల్ల కిందికి దొర్లింది.

"నన్ను తిట్టడం మీకు చేతకాదా?" అంది. "ఒక్క రోజైనా. ఒక్క మాటైనా."

ఆయన వంగి గరిటె పిడి తీశాడు. అతుకుతుందేమోనని రెండు ముక్కలూ కలిపి చూశాడు. అది చూసి ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

టీ మరిగి పొంగింది. గ్లాసులో పోసి, పక్కగదికేసి తిరిగి, "అత్తయ్యా, టీ," అని అరిచింది. జవాబు లేదు. "అత్తయ్యా" అని ఇంకోసారి, గోడలు అదిరేట్టు. జవాబు లేదు. మూడోసారి మామూలుగా పిలిచింది.

ముసలామె కర్ర తాటించుకుంటూ వచ్చింది. ఆమెకు ఎడమ చెవి వినపడదు; ఎవరు మాట్లాడినా కుడి చెవి అటు తిప్పి, మెడ ఒక పక్కకు వంచి చూస్తుంది.

"ఇంతసేపూ వినపడలేదా?"

"ఎందుకు వినపడదు? వీధి చివరి దాకా వినపడింది."

"మరి పలకలేదేం?"

"మొదటి రెండు కేకలూ నీ కోపానివి అమ్మాయ్. వాటితో నాకేం పని? మూడోదే నాది. దానికి లేచొచ్చా." టీ గ్లాసు అందుకుని, పేపరు మీద ఎముకలు చూసి మొహం చిట్లించింది. "తిండి బల్ల మీద ఈ శ్మశానమేమిటే?"

భర్త పెదవి చివర నవ్వు వచ్చి ఆగింది. ఆమె నవ్వలేదు. అత్తగారి వంకే చూస్తూ నిలబడింది. ఈ ఇంట్లో ఇన్నేళ్ళుగా తన మొదటి రెండు కేకలకూ ఎవరూ పలకరు. దాన్ని చెముడనుకుంది, మొండితనమనుకుంది. ఒక్కరోజు కూడా గదిలో మనిషి లేదనుకోలేదు. లేదని ఎక్కడా రాసి సంతకం పెట్టలేదు.

గడియారంలో ఎనిమిది. ఆమె పేపరును ఎముకలతో సహా నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో దోపుకుంది. మూలనున్న మేకుల కర్ర తీసుకుంది. భర్త తనూ వస్తానన్నాడు. వద్దంది. వస్తే అక్కడ కూడా రేంజరుకు నచ్చజెబుతాడు, మేస్త్రీకి నచ్చజెబుతాడు, చివరకు చెట్టుకు కూడా నచ్చజెప్పి పడగొట్టిస్తాడు. ఆ మాట పైకే అనేసింది. ఆయన గుమ్మం దాకా వచ్చి, విరిగిన గరిటె చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు.

బస్సు దిగి బాట ఎక్కేసరికి తొమ్మిదిన్నర దాటింది. ఎర్రరంగు కొట్టిన చెట్ల పక్కనుంచి నడుస్తుంటే ఒక్కొక్క నంబరూ తన చేతిరాతలా కనపడింది. ఇందులో ఎన్ని? మూడు, నాలుగు అనుకో అన్నాడు. రంపం సరిగ్గా తొర్రమీదుగా పోతేనే కదా తెలిసేది. పక్కనుంచి పోయినవో? పొయ్యిలోకి ముక్కలుగా పోయినవో? ఆమె లెక్క మానేసింది. లెక్క మానేసినందుకు తన మీద తనకే కోపం వచ్చి, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.

నలభై ఒకటి దగ్గర జీపు ఆగి ఉంది. మేస్త్రీ మనుషులిద్దరు కోతమిషన్లో నూనె పోస్తున్నారు. రేంజరు జీపుకు ఆనుకుని చూయింగ్ గమ్ నములుతున్నాడు. జీపు ముందు రేకు మీద ఫారాలున్న అట్ట, దాని పైన గాలికి ఎగరకుండా బరువుకు రాయి. చెట్టు మీద రెండు ఎర్రగీతలు, ఇంకా కొత్తగా. పైన తొర్ర నల్లగా.

ఆమె నేరుగా వెళ్ళి నలభై ఒకటి ఆపాలని చెప్పింది, లోపల పిట్ట ఉందని చెప్పింది, పేపరు విప్పి ఎముకలు చూపించింది. రేంజరు ఆసక్తిగానే చూశాడు. పుర్రెను వేలితో కదిపి, ఎంత చిన్నదో అన్నాడు. తర్వాత, పిట్టలు ఎక్కడెక్కడో వాలుతుంటాయనీ, ఒక ఉండ పడిందని అక్కడ కాపురమున్నట్టు కాదనీ చెప్పాడు. అసలిది ఇక్కడే దొరికిందని ఎవరు చూశారని మేస్త్రీ అడిగాడు. ఎవరూ చూడలేదంది. చూడకుండా జాగ్రత్తపడింది తనేనని కూడా చెప్పింది. మేస్త్రీకి అది అర్థంకాక రేంజరు వంక చూశాడు.

రేంజరు మంచివాడిలా నవ్వాడు. "ఇంత గొడవెందుకక్కా, కర్ర నీ చేతిలోనే ఉందిగా. గీకు. ఒక్కసారి తొంగిచూస్తే ఇప్పుడే వీళ్ళను పంపించేస్తా. నా మాట."

మేస్త్రీ మనుషులు కూడా మిషను వదిలేసి తలెత్తారు. మళ్ళీ ఆ నలుగురు, మళ్ళీ ఆ ఎదురుచూపు. ఆమె కర్ర ఎత్తి మేకులు బెరడుకు ఆనించింది. పాత గీతలు అక్కడే ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి, వానకు కూడా మాయనంత లోతుగా.

లోపల అది గుడ్ల మీద పరుచుకుని ఉంటుంది. ఈ చప్పుడు గురించి అదొక నిర్ణయానికి వచ్చేసింది. గీకేది ఎప్పటికీ ఎక్కి రాదు. కింద నిలబడి, "అబ్బా" అని, నవ్వి, వెళ్ళిపోతుంది. దానికి తను నేర్పిన పాఠం అది. రేపు నిజంగానే మానుపిల్లి గోళ్ళతో ఎక్కి వచ్చినా అది అలాగే కూర్చుంటుంది, కళ్ళు మూసుకుని, పలకనక్కర్లేదనుకుని. దాన్ని తొంగిచూసేలా చేసి తను పని జరుపుకోవడమే కాదు, దాన్ని బతికించే భయాన్ని కూడా మేకు మేకుగా గీకి తీసేసింది. ఇప్పుడింకోసారి గీకితే అది చూస్తుందా లేదా అన్నది కాదు సంగతి. ఆ పాఠమే ఇంకోసారి.

ఆమె కర్ర దించింది.

"గీకను," అంది.

"ఎందుకు?"

"చూడదు కాబట్టి. పదకొండుసార్లు గీకి చూడకుండా చేశాను కాబట్టి. పది మీ వాళ్ళ కోసం. ఒకటి నా కోసం."

"నీ కోసమా?" రేంజరు నమలడం ఆపాడు.

పోయిన నెలలో ఒక ఆదివారం. సెలవు. ఇంట్లో ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే ఆమె భరించలేకపోయింది. బస్సెక్కి ఇక్కడిదాకా వచ్చి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, కర్ర కూడా లేక తాళంచెవితో గీకింది. ఎవరైనా ఒకరు తనవైపు చూడాలని. అది చూసింది. చాలాసేపటి తర్వాత, కళ్ళు మాత్రమే. అవి తనను గుర్తుపట్టాయని అప్పుడు సంబరపడింది. గుర్తుపట్టే లోపలికి పోయాయని ఇప్పుడు తెలుస్తోంది.

ఇదంతా ఆమె వాళ్ళకు చెప్పలేదు. "అవును, నా కోసం," అని మాత్రం అంది.

రేంజరు మేస్త్రీ మనుషులను కాస్త అవతలికి పొమ్మన్నాడు. గొంతు తగ్గించాడు. ఫారంలో ఉన్నది ఒకే తనిఖీ అని గుర్తుచేశాడు. ఆ పది ఎవరూ చూడలేదు, రాయలేదు, కాబట్టి జరగలేదు. ఆమె ఇప్పుడు తన సంతకమే తప్పంటే, ఆ సంతకం ఉన్న ఫారాలన్నీ తప్పు కావచ్చని పైవాళ్ళకు అనిపిస్తుంది. ఇరవై రెండేళ్ళవీ బయటికి తీయమంటారు. ఒక్కొక్క చెట్టూ అడుగుతారు. బెదిరింపులా అనలేదు. నీ మంచికే అన్నట్టు, మెత్తగా అన్నాడు. ఈ పొద్దున్నే విన్న మెత్తదనం. లోకమంతా తనను బాధపెట్టకుండా చూసుకుంటోంది.

"తీయమనండి సార్," అంది. "నాలుగు నంబర్లు నా మొగుడు చెబుతాడు. మిగతావి నేను వెతుక్కుంటా."

రేంజరు జేబుకున్న కలాన్ని లోపలికి నొక్కి, జేబు గుండీ పెట్టుకున్నాడు. పదయిందని మేస్త్రీకి చెయ్యి ఊపాడు. మిషను ఒకసారి దగ్గి, అందుకుంది.

ఆమె జీపు దగ్గరికి నడిచింది. రాయి తీసి పక్కన పెట్టింది. నలభై ఒకటో ఫారం అన్నింటికన్నా పైనే ఉంది. అందులో తన అక్షరాలు, పళ్ళు బిగించి రాసినవి, గుండ్రంగా, తప్పుల్లేకుండా. ఒక్క అక్షరం కొట్టేసినా చిత్తుకాగితమే, నెల దాకా ఇంకో తనిఖీ లేదు. కోటు జేబులన్నీ తడిమింది. ఎముకల పేపరు తప్ప ఏమీ లేదు, కలం లేదు. అరచేత్తో కాగితాన్ని రేకు మీద అదిమిపట్టింది. రెండో చేత్తో కర్రను మేకులున్న చివరిదాకా జార్చి, వంచిన మేకు ఒకదాన్ని ఖాళీ అన్న మాటకు ఎడమవైపు ఆనించి, ఎడమనుంచి కుడికి గీకింది. ఒక్కసారే.